తొలికాపు కాయలు మూడు

నిన్న కొబ్బరి లౌజు వాసన నన్ను నేరుగా గుంటుపల్లి కొండెక్కించేసింది. మన చిన్నప్పుడు స్కూలు టూరంటే ఇంట్లో పెద్దవాళ్లూ బస్సెక్కేసేవారు, గుర్తుందా?

మా రామచంద్రపురం నుంచి బౌద్ధక్షేత్రాలకి మూడు రోజుల టూరు. నాయనమ్మ మా కొత్త కొబ్బరిచెట్టు తొలికాపు కాయలు మూడు సంచిలో వేసుకుంది. దేవుడికివ్వందే ఇంట్లో ఎవరూ తినకూడదు మరి. గుంటుపల్లి గుహలో గుండ్రటి స్తూపాన్ని శివలింగమనుకుని కాయ ఎత్తింది.

"కొట్టకండి మామ్మగారూ, ఇది బౌద్ధుల స్తూపమండి," అన్నారు మాస్టారు.

నాయనమ్మ చిన్నబుచ్చుకోలేదు. కాయని స్తూపానికి చూపించి, మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. అమరావతిలో, నాగార్జునకొండలో కూడా అంతే.

ఇంటికొచ్చాక ఆ కాయలతో లౌజు చేసి, ప్రసాదమని వీధంతా పంచింది.

"కొట్టని కాయ ప్రసాదమెలా అవుతుందండీ?" అంది పక్కింటావిడ.

"ఆయన చూశాడు కదండీ, చాలదా?" అంది నాయనమ్మ.

నిన్న లౌజు గిన్నెని ముందుగా నాయనమ్మ ఫొటోకి చూపించాను. ఆవిడ చూసింది. ఇక మేం తినొచ్చు.