హోటల్ వద్దన్న పంతులమ్మ

మా పక్కింటి పంతులమ్మ పోయారు. సోమవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. “అమ్మ ఇక లేదు. రేపే ఫ్యూనరల్,” అన్నాడు. వాళ్ళు యూదులు, ఆలస్యం చేయరు, మర్నాటికల్లా మట్టి చేసేస్తారు. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంకో వారంలో పిల్లల్ని వెంటబెట్టుకుని విమానం ఎక్కాల్సిన మనిషి! ఆ ప్రయాణం కోసం నెలల తరబడి అందరితో దెబ్బలాడిన మనిషి! పోవడానికి ఇదా సమయం? ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. కారు తాళాలు బల్ల మీద పడేసి కూర్చుండిపోయాను.

ఆవిడెవరో మీకు చెప్పాలి. అమెరికాలో నోవై అనే ఊరికి కాస్త అవతల ఉంటుంది మా వీధి. సగం ఇళ్ళు మనవాళ్ళవే, కార్ల కంపెనీల్లోనో సాఫ్ట్‌వేర్‌లోనో పనిచేసేవాళ్ళవి. మిగతా సగంలో చాలామంది యూదులు. శనివారం వాళ్ళకి పవిత్రం, కారు తీయరు, వాళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌కి నడిచే వెళ్తారు. అందుకని దానికి దగ్గరగా ఇళ్ళు కొనుక్కున్నారు. పంతులమ్మ ఆ సినగాగ్ బడిలో పిల్లలకి హీబ్రూ చెప్పి రిటైరయ్యారు. పంతులమ్మ అన్న పేరు మా అత్తగారు పెట్టింది. ఆవిడ ఆర్నెల్లు మా దగ్గర ఉండి వెళ్ళేసరికి వీధిలో తెలుగువాళ్ళందరికీ అదే పేరు అలవాటైపోయింది.

రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే. ప్రతి వేసవిలో సినగాగ్ యూత్ గ్రూపు పిల్లల్ని, హైస్కూలు వయసు వాళ్ళని, హంగేరీలో ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళేవారు. అది ఆవిడ తల్లి పుట్టిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి యూదులందర్నీ రైలెక్కించి చావుకి పంపారు. ఆవిడ తల్లి ఒక్కతే ఎలాగో బతికి బయటపడి అమెరికా చేరింది. పూర్వీకుల ఊళ్ళు చూపించే ఇలాంటి ట్రిప్పులు చాలామంది చేస్తారట. హోటల్లో దిగుతారు, సమాధులు చూస్తారు, ఏడుస్తారు, బస్సెక్కి వచ్చేస్తారు. పంతులమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆవిడ పిల్లలు ఆ ఊరివాళ్ళ ఇళ్ళలోనే ఉండాలి, ఇంటికి ఇద్దరు చొప్పున. ఇప్పుడా ఊళ్ళో యూదులు ఎవరూ లేరు. అయినా సరే, ఆవిడే వెళ్ళి తలుపులు తట్టి, కాఫీలు తాగి, ఆ కుటుంబాలను కూడగట్టుకున్నారు.

“ఏడవడానికి అంత దూరం తీసుకెళ్ళడం దేనికి? ఆ ఏడుపేదో ఇక్కడ కూర్చునే ఏడవొచ్చు,” అనేవారు. “మా అమ్మని వెళ్ళగొట్టిన ఊళ్ళో మా పిల్లలు నిద్ర లేవాలి, పళ్ళు తోముకోవాలి, టిఫిన్ తినాలి. నాక్కావలసింది అంతే.” ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే. నా చెవుల్లో మాత్రం ఇప్పటికీ ఇలాగే ఉంది.

అంత దూరం తీసుకెళ్ళేముందు రిహార్సల్ ఒకటి ఉండేది. అది మా ఇళ్ళలో. మొదటిసారి ఆవిడ మా తలుపు తట్టిన రోజు నాకు బాగా గుర్తు. పొట్టి మనిషి, బూడిదరంగు కోటు, చేతిలో కొత్త గిన్నె.

“శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా మా పిల్ల ఒకతె మీ ఇంట్లో ఉంటుంది. ఉండనిస్తారా?” అన్నారు.

“మా ఇంట్లోనా? మీ పద్ధతులు మాకేం తెలుసండీ!” అన్నాను.

“అందుకే మీ ఇల్లు. తెలిసిన ఇంట్లో ఉండడం ఎవరికైనా వచ్చు.”

మావారికి గుండెల్లో రాయి పడింది. “హెచ్-వన్ మీద ఉన్నాం, రేపు ఆ పిల్లకి ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పుకోవాలి? మనకెందుకీ తలనొప్పి?” అన్నారు. “వీసా మీద ఉంటే ఇంటికొచ్చిన పిల్లకి అన్నం కూడా పెట్టకూడదా?” అని నేను లేచాను. మా ఇంట్లో అలాంటి వాదనల్లో ఎవరు గెలుస్తారో మా వీధికంతా తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నమే పంతులమ్మ వచ్చేశారు. వాళ్ళ శనివారం శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. వంట అంతకు ముందే అయిపోవాలి, ఆవిడ తెచ్చిన గిన్నెలోనే వండాలి, పొయ్యి మాత్రం ఆవిడే వెలిగించాలి. మాది కరెంటు పొయ్యి. మీట ఒక్కటి తిప్పి పక్కన నిలబడ్డారు. ఇదంతా చెప్పడం ఆవిడకి ఇబ్బందిగా ఉంది పాపం, మెల్లిగా వివరిస్తున్నారు. మా అత్తగారు సగంలోనే ఆపేశారు. “ఏమ్మాయ్, ఇందులో అంత చెప్పేదేముంది? మా నాయనమ్మ మడి! ఆవిడ పొయ్యి దగ్గరికి నన్నసలు రానిచ్చేది కాదు, ఈవిడే నయం,” అన్నారు. నేనది ఇంగ్లీషులోకి మార్చి చెప్తే పంతులమ్మ మా అత్తగారి చేతులు రెండూ పట్టుకుని నవ్వారు. ఆ పూట పులిహోర చేశాం. చల్లారినా బాగుండే అన్నం ఇంకేముంది?

అయితే అసలు గొడవ భోజనాలయ్యాక వచ్చింది. ఆ రోజున వాళ్ళు లైటు వేయరు, ఆర్పరు. ముందే వెలిగించి ఉంచుతారు, అది అలా వెలుగుతూనే ఉండాలి. ఆ పిల్ల గదిలో లైటు అలాగే ఉంది. పిల్ల హాల్లో మా అమ్మాయితో చదరంగం ఆడుతోంది. మా అత్తగారు ఆ గది ముందు నుంచి వెళ్ళారు. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే చూస్తూ ఊరుకునే తెలుగు అత్తగారు ఈ భూమ్మీద ఉన్నారా? టక్కున ఆర్పేశారు. కాసేపటికి పిల్ల గదిలోకి వెళ్ళింది. ఏమీ అనలేదు. చీకట్లో మంచం మీద కూర్చుంది.

మా అత్తగారు తొంగిచూసి వచ్చి బెంగపెట్టుకున్నారు. “అలా చీకట్లో కూచుందేమే ఆ పిల్ల? నా పులిహోర నచ్చలేదో ఏమో. అలిగింది.”

చివరికి మా అమ్మాయే తేల్చింది. “నో, బామ్మా! తను అలగలేదు. లైట్ నువ్వే ఆఫ్ చేశావ్. తను ఆన్ చేయకూడదు, నిన్ను అడగకూడదు కూడా.” మా అత్తగారు చెంపలు వేసుకుని పరుగున వెళ్ళి లైటు వేయబోతే ఆ పిల్ల “ఇట్స్ ఓకే, ప్లీజ్, ఇట్స్ ఓకే” అని ఒకటే కంగారు. మర్నాడు సినగాగ్‌కి నడిచి వెళ్తూ పంతులమ్మ మా గుమ్మం దగ్గర ఆగినప్పుడు సంగతి తెలిసింది. ముందు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగారు. ముఖంలో నవ్వు లేదు.

“పొద్దుగూకకముందే, ఈ లైటు ఆర్పకండి అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పావా?”

“రూడ్‌గా ఉంటుందేమోనని...”

“చీకట్లో నోరుమూసుకుని కూర్చోవడం మర్యాద కాదు. మనవాళ్ళు అలా కూర్చున్నది చాలు. ఇంక నువ్వు కూర్చోనక్కర్లేదు.”

ఆ పిల్ల పడ్డ ఇబ్బందికి మా దగ్గర ఒక మాట ఉంది, మొహమాటం అంటామని నేను చెప్పాను. పంతులమ్మకి ఆ మాట ఎంత నచ్చిందో! అప్పటినుంచి ప్రతి ఏటా పిల్లలు మా ఇళ్ళకి వచ్చేముందు వరసగా నిలబెట్టి “నో మొహమాటం!” అనిపించేవారు. ఆకలేస్తే అడగండి, తినకూడనిది పెడితే వద్దనండి, మీరెవరో అడిగితే తలెత్తి చెప్పండి. ఆవిడ పాఠం మొత్తం ఇంతే. మా ఇంట్లో చీకట్లో కూర్చున్న ఆ పిల్ల కాలేజీ పూర్తిచేసి, ఈ మధ్య ట్రిప్పులకి ఆవిడకి తోడుగా వెళ్తోంది కూడా.

ఈ ఏడు చలికాలంలో ఎవరో సినగాగ్‌లో పిల్లల తరగతి కిటికీ అద్దం పగలగొట్టి, గోడ మీద రాయకూడని రాతలు రాసిపోయారు. పొద్దున నేను కారులో వెళ్తుంటే పంతులమ్మ ఆ చలిలో, చేతిలో బకెట్, గోడ రుద్దుతున్నారు. ఆపి దిగాను. “పోలీసులు ఫోటోలు తీసుకున్నారు, వాళ్ళ పని అయిపోయింది. ఇది నా పని,” అన్నారు. బ్రష్ ఇమ్మంటే ఇవ్వలేదు. “ఇంకో బ్రష్ తెచ్చుకో,” అన్నారు. తెచ్చుకున్నాను. ఆ రోజు ఆఫీసుకి లేటుగా వెళ్ళి మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పాను.

దాంతో తల్లిదండ్రులు బెదిరిపోయారు. మన ఊళ్ళోనే ఇలా ఉంటే అక్కడ, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళలో పిల్లల్ని ఉంచడమా? ట్రిప్పే వద్దన్నారు కొందరు. మీటింగు పెట్టారు. పంతులమ్మ నన్నూ రమ్మన్నారు. సినగాగ్ కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? ఆవిడ కొడుకే.

“మామ్, నేను మానేయమనడం లేదు,” అన్నాడు అందరి ముందూ. మంచివాడు, నెమ్మదస్తుడు. “హోటల్లో దిగండి. గేటు దగ్గర గార్డుని పెడదాం. అంతే.”

“హోటలుకి నువ్వెవరో అక్కర్లేదు, కార్డు పనిచేస్తే చాలు,” అన్నారు ఆవిడ. “ఇంటికి నువ్వెవరో కావాలి. మనమెవరో ఆ ఊరికి తెలియాలనేగా వెళ్ళేది?”

“భయంగా ఉంది మామ్. నాకే భయంగా ఉంది.”

“ఉండనీ. భయం కూడా బ్యాగు సర్దుకుని మనతో వస్తుంది. దానికి కిటికీ సీటు మాత్రం ఇవ్వకు.”

ఎవరో తల్లి నా వైపు తిరిగి, పరాయి పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవడానికి మీకు భయం వేయలేదా అని అడిగింది. “పిల్లలకి భయపడతామా? మా అత్తగారికి మాత్రం కోపం వచ్చేది, సరిగ్గా తినడంలేదని,” అన్నాను. గదంతా నవ్వింది. అయినా కొందరు పేర్లు వెనక్కి తీసుకున్నారు. ఒక్క పిల్ల మిగిలినా వెళ్తానని పంతులమ్మ తెగేసి చెప్పారు. ఆ పట్టుదల మీదే ప్రయాణం నిలబడింది. వారంలో ప్రయాణమనగా నిద్రలోనే ఆవిడ గుండె ఆగిపోయింది.

మట్టి చేసిన రోజు నుంచి ఏడు రోజులు వాళ్ళు ఇంట్లోనే ఉంటారు. తలుపు తీసే ఉంటుంది, బెల్ కొట్టక్కర్లేదు. అద్దాలకి గుడ్డలు కప్పేస్తారు. ఆవిడ కొడుకు పొట్టి పీట మీద, గడ్డం మాసిపోయి, ఆ రోజుల్లో తోలు వేసుకోకూడదు గనక కాన్వాస్ బూట్లతో కూర్చుని ఉన్నాడు. పలకరించడానికి వచ్చిన తల్లిదండ్రులు గుసగుసలాడుతున్నారు. ఆవిడే లేనప్పుడు ఇంక ట్రిప్పేమిటి, ఎలాగూ ఆగిపోయినట్టేగా అని. అవతల ఆ అమ్మాయి, మా ఇంట్లో చీకట్లో కూర్చున్న అమ్మాయి, పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. దుఃఖంలో ఉన్నవాడు ముందు మాట్లాడేదాకా వచ్చినవాళ్ళు అతనితో మాట కలపకూడదు వాళ్ళలో. ఆ అమ్మాయి అతని మాట కోసమే చూస్తోంది.

చివరికి అతనన్నాడు: “ఆ ఊళ్ళో ఒక ఇంటావిడ ఫోన్ చేసింది. అమ్మ సంగతి విని ఏడ్చింది. పిల్లలకి పక్కలు వేసి ఉంచాను, ఎప్పుడొస్తారు అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను.”

“నేను తీసుకెళ్తాను,” అంది ఆ అమ్మాయి. “నాకా ఇళ్ళన్నీ తెలుసు. తను రావడానికి వీల్లేని రోజు వస్తే నువ్వే తీసుకెళ్ళాలని ఆవిడ నాతో ఎప్పుడో చెప్పింది.”

అతను అద్దం మీది గుడ్డ వైపు చూపు తిప్పుకున్నాడు. చావింట్లో వాదన పెట్టుకోకూడదని నాకు తెలుసు. తెలిసినా ఆగలేకపోయాను. “ఏమండీ, పక్కలు వేసి కూర్చున్నవాళ్ళకి రావట్లేదని ఎలా చెప్తారు? మా ఇళ్ళలో అంతకు మించిన అవమానం లేదు. కిటికీ పగలగొట్టినవాడు మీరు ఇల్లు కదలకూడదనేగా పగలగొట్టాడు? వాడి మాటే నెగ్గిస్తారా?” అన్నాను. మావారు నా మోచెయ్యి పట్టుకుని లాగారు. అతను నన్ను చూసి తల దించుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం నేను బాగా ఏడ్చాను.

ఏడో రోజు పొద్దున వాళ్ళు పీటల మీంచి లేచి, ఇంటివాళ్ళంతా కలిసి వీధి చుట్టూ ఒకసారి నడిచి వస్తారు. మళ్ళీ లోకంలోకి అడుగుపెట్టడం అన్నమాట. ట్రిప్పు విమానం కూడా ఆ రోజే. నేను మా వాకిట్లో నిలబడి చూస్తున్నాను. అతను భార్యతో బయటికి వచ్చేసరికి అక్కడ పిల్లలు ఉన్నారు. పేర్లు వెనక్కి తీసుకోనివాళ్ళు, ఆ అమ్మాయి, అందరి చేతుల్లో సూట్‌కేసులు. ఎవరూ రమ్మనలేదు. అతను మెట్లు దిగి నడక మొదలుపెడితే వెనకే కదిలారు.

సూట్‌కేసుల చక్రాల చప్పుడుకి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. చీర మీద స్వెట్టర్ వేసుకున్న ఎదురింటి పెద్దావిడ బయటికి వచ్చి “ఏంటమ్మా ఈ ఊరేగింపు, ఎవరిది?” అని అడిగింది. “పంతులమ్మగారిది,” అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుని వాళ్ళ వెనకే బయల్దేరింది. నేనూ బయల్దేరాను. మావారు కూడా.

చుట్టు తిరిగి చివరి మలుపుకి వచ్చాం. కుడికి తిరిగితే ఆవిడ ఇల్లు. నేరుగా వెళ్తే సినగాగ్, దాని ముందు ఎయిర్‌పోర్టుకి వెళ్ళే బస్సు. అక్కడ అందరికంటే చిన్నపిల్ల సూట్‌కేసు పేవ్‌మెంట్ అంచున ఇరుక్కుంది. అతను ఆగాడు. వెనక్కి వచ్చి, ఆ పిల్ల చేతిలోంచి దాని పిడి తీసుకుని పైకి లాగాడు. మళ్ళీ ఆ పిల్ల చేతికి ఇవ్వలేదు. కుడికీ తిరగలేదు. మాసిన గడ్డంతో, ఆ కాన్వాస్ బూట్లతోనే, సూట్‌కేసు లాక్కుంటూ నేరుగా నడిచాడు.