సుబేదార్ సాబ్ కట్టిన పన్ను

సుబేదార్ సాబ్ పోయారు. ఈ కబురు నాకు బోధన్ బస్సు కండక్టర్ చెప్పాడు. నేను రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నాను. అక్కడి బస్టాండులో పేపరు కొనుక్కుంటుంటే కిటికీలోంచి పిలిచి, "సార్, మీ సుబేదార్ సాబ్ లేడు. పొద్దుగాల చాయ తాగుకుంట కూసున్నకాడనే ఒరిగిండట" అన్నాడు. చిల్లర చేతిలో పట్టుకునే ఆ బస్సు ఎక్కేశాను. ఇంట్లో చెప్పి వెళ్ళాలన్న ఆలోచన కూడా రాలేదు. ముందు సీటు ఖాళీగా ఉంది. అది ఆయన కూర్చునే సీటు. నేను వెనకాల కూర్చున్నాను.

బోధన్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, నేనూ ఇక్కడ పేరు రాయను. ఫిరంగుల దళంలో సుబేదారుగా చేసి, చైనా యుద్ధం తర్వాత ఇంటికి వచ్చిన మనిషి. సొంతూరు ధర్పల్లి వైపు. చక్కెర ఫ్యాక్టరీలో గేటు కావలివాళ్ళకు పెద్దగా కుదిరారు. నేను అదే ఫ్యాక్టరీ లెక్కల సెక్షన్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. క్వార్టర్లలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ ఒక్కటే గోడ.

ఆయనది పెద్ద గొంతు. గోడ అవతల నుంచి "ఏం తమ్మీ, మంచిదేనా" అని పలకరిస్తే, ఇవతల పొయ్యి దగ్గరున్న నా భార్య ఉలిక్కిపడేది. కానీ వెనక నుంచి పిలిస్తే మాత్రం ఆయన పలికేవారు కాదు. మిలిటరీ పొగరని కొందరు అనుకున్నారు. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అదే అనుకున్నాను.

ఆయన భార్యను అందరం అక్క అనేవాళ్ళం. చెరుకు ఆడే రోజుల్లో గేటు దగ్గర ఎడ్లబండ్లు రోడ్డు దాకా బారులు తీరేవి. మధ్యాహ్నం సద్ది తెచ్చి, ఆయన తిన్నాక కూడా అక్క ఇంటికి పోయేది కాదు. ఆయనకు ఎడమపక్కన స్టూలు వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. వెనక నుంచి ఏ ఆఫీసరో లారీ డ్రైవరో వస్తే ఆయన మోచెయ్యి మెల్లగా తట్టేది. ఆయన తిరిగేవారు. "ఏందక్కా, గిన్నేండ్లయినా సాబును ఇడిసిపెట్టి ఉండలేవా?" అని బండ్లవాళ్ళు ఆట పట్టిస్తే నవ్వి ఊరుకునేది. ఆమె లేనప్పుడు ఆయన గోడకు వీపు ఆనించి నిలబడేవారు. కొత్తగా వచ్చిన కావలివాళ్ళకు, "కావలోనికి కండ్లే చెవులు" అని చెప్పేవారు. నాకు ఆ మాట బాగా నచ్చి మా ఆఫీసులో కూడా చెప్పాను.

ఏటా పన్నుల కాలం వస్తే మేమిద్దరం నిజామాబాద్ వెళ్ళేవాళ్ళం. అక్కా వచ్చేది. ఆయన ఫ్యాక్టరీ జీతం, ఫౌజు పింఛను కలిపితే ఆదాయపు పన్ను గీత కొంచెం దాటేది. కాగితాలు నేను రాసి పెట్టేవాణ్ణి. పింఛను ఎలాంటిదని అడిగితే, "మామూలు పించినే, రాయి" అనేవారు. పూర్తి నౌకరీ చేసి వచ్చినవాళ్ళ పింఛను మీద జీతం మీద ఉన్నట్టే పన్ను ఉంటుంది కాబట్టి నేను అట్లాగే రాశాను. ఫౌజు లెక్కలు ఆయనకూ తెలుసు. "జీతం మీద కోసేటోళ్ళు. వర్దీ బట్టలకిచ్చే పైసల మీద కొయ్యలే. జీతం నా ఇంటికి, వర్దీ సర్కారు పనికి. గది న్యాయమే" అనేవారు.

నిజాంసాగర్ కాలువ కింద భూములున్న కోస్తా రైతు ఒకాయన ఆ బస్సులోనే తగిలేవాడు. "మా చెరుకు మీద పన్ను లేదండీ సుబేదారుగారూ. మీ తుపాకీ మీదే పడిందేంటండీ సర్కారు కన్ను?" అని ఏడిపించేవాడు. సుబేదార్ సాబ్ ఆయన నోటివంకే చూస్తూ విని, "నీ చెరుకు తియ్యగుంటదని ఇడిసిపెట్టిన్రు పటేలా" అనేవారు. బస్సంతా నవ్వేది.

ఒక యేడు అక్కకు జ్వరమొచ్చి మేమిద్దరమే వెళ్ళాం. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. నేను ఏదో అడిగాను. మళ్ళీ అడిగాను. అక్క చేసినట్టే మోచెయ్యి తట్టాను. వెంటనే తిరిగి "చెప్పు" అన్నారు. ఆయనకు వినపడదని అప్పుడు తెలిసింది నాకు. నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. పన్ను ఆఫీసు బయట చాయ హోటల్లో కూర్చున్నాక, తన గొంతును ఎంత తగ్గించగలరో అంత తగ్గించి చెప్పారు.

"తోపులు పేలుస్తుంటే పక్కన ఉండి ఉండి రెండు చెవులు పోయినయ్ తమ్మీ. డాక్టర్ల బోర్డు పనికిరావని పంపింది."

"దెబ్బ వల్ల ఇంటికి పంపినోళ్ళ పింఛను మీద పన్నే లేదు సుబేదార్ సాబ్! ఇన్నేళ్ళు ఊరికే కట్టారు" అన్నాను. నాకు ఆయన మీదే కోపం వచ్చింది.

"నాకెరికే. జీతం చేసే పనికిస్తరు. పించిని చేసిన నౌకరికిస్తరు. నాకిచ్చేది పోయిన చెవులకు. దాని మీద పన్నెట్లుంటది? కాని చెవిటోన్నని కాగితం మీద పడ్డదనుకో, ఈడ పడ్డ మాట పొద్దుగూకకముందే బోధన్ వస్తది. చెవిటోన్ని గేటు మీద ఎవడుంచుతడు? పల్టన్ ఒకసారి ఇంటికి పంపింది. ఇంకోసారి పంపిచ్చుకోను."

ఆయన అడగకముందే ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ తర్వాత కూడా ఏటా "మామూలు పింఛను" అనే రాశాను.

బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక మా ఫ్యాక్టరీ కరెంటు సెక్షన్లోకి ఒక హవల్దార్ వచ్చాడు. మందుపాతర మీద కాలు పోయినవాడు. పూనాలో పెట్టిన కట్టెకాలు మోకాలి దగ్గర ఒరుసుకుని పుండయ్యేది. మళ్ళీ పూనా పోయి సరిచేయించుకోవాలి, దానికోసం పైసా పైసా కూడబెడుతున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు, ముసలి తల్లి. అతనిదీ జీతం, పింఛను కలిపితే పన్ను గీత దాటేది. నీ పింఛను లెక్కలోకి రాదయ్యా, జీతం ఒక్కటే చూస్తారు, పన్నే పడదు అని సంతోషంగా చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"సుబేదార్ సాబ్ కడుతలేడా సార్? చైనా లడాయిల తోపుల నడుమ నిలవడ్డ మనిషి. ఆయన కడుతుండంగ నేను మాఫీ అడిగితే, కాలు సూపెట్టి అడుక్కున్నట్టుంటది. నేను గూడ కడుత."

"ఆయన సంగతి వేరు" అన్నాను.

"ఎట్ల వేరు సార్?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కాబట్టి కాగితాలు సర్దుకున్నాను. పూనాకని దాచిన డబ్బే పన్నుకు తీసుకొస్తానని చెప్పి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం సుబేదార్ సాబ్ ఎదురుగా నిలబడి జరిగింది చెప్పాను. నా పెదవులు చూస్తూ మొత్తం విన్నారు. ఆ పూట ముద్ద ముట్టలేదని తెల్లవారి అక్క నా భార్యతో చెప్పింది.

మరునాడు మధ్యాహ్నం హవల్దార్ గేటు దాటుతున్నాడు. బండ్లు బారులు తీరి ఉన్నాయి, షిఫ్టు మారే వేళ. సుబేదార్ సాబ్ అతన్ని ఆపారు. ఆయన గొంతు ఎంత పెద్దదో చెప్పాను కదా. ఆరోజు దాన్ని తగ్గించలేదు.

"హవల్దార్! నీ పించిని, నా పించిని ఒక్కటే. నేను చెవిటోన్ని. నాకు రెండు చెవులు ఇనరావు. నేను పన్ను కట్టింది మగతనంతోని కాదు, బుగులుతోని. నౌకరి పోతదని బుగులు. నా బుగులు సూసి నువ్వు నీ పిల్లల నోటికాడిది పొయ్యిల పెట్టకు. కాలు సర్కారుకిచ్చినవ్. అడుక్కునుడు గాదు గది. పూనా పో!"

బండ్లవాళ్ళు, ఆఫీసర్లు, కూలీలు అందరూ విన్నారు. స్టూలు మీద అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంక దాచే పని లేదన్న ఏడుపది అని తర్వాత నాతో అంది. హవల్దార్ కట్టెకాలు సరిగ్గా పెట్టుకుని నిలబడి సెల్యూట్ చేశాడు.

ఆయన భయపడ్డదే జరిగింది. లారీలు తిరిగే గేటు కాబట్టి ఫ్యాక్టరీవాళ్ళను తప్పుపట్టలేను. విత్తనం చెరుకు తోట కావలికి మార్చారు, జీతం తగ్గించారు. మొదటిరోజు ఆయన గేటు వైపు చూడకుండా చుట్టుదారిన పోవడం చూశాను. పింఛను లెక్కలోంచి పోయింది, జీతం తగ్గింది, ఇంక ఆయనకు పన్నే లేదు. అయినా పన్నుల కాలం వస్తే నా పన్ను కట్టడానికి వెళ్తుంటే నాతో బస్సెక్కేవారు. "నాకు లేకుంటేంది, చాయ ఉన్నది గద" అనేవారు.

హవల్దార్ పూనా వెళ్ళివచ్చాడు. బస్సు దిగి నేరుగా ఆయన వాకిట్లోకి నడిచి వచ్చాడు. సుబేదార్ సాబ్ ఆ పాదం వైపు చాలాసేపు చూసి, "చప్పుడు మంచిగొస్తుందా?" అని అడిగారు. "మంచిగొస్తుంది సాబ్" అన్నాడు హవల్దార్. నేను గోడ ఇవతల ఉన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి.

అప్పటినుంచి బోధన్‌లో అందరికీ ఒక అలవాటైంది. ఆయనతో మాట్లాడాలంటే ముందు ఎడమ మోచెయ్యి తట్టాలి. బండ్లవాళ్ళు తట్టేవాళ్ళు, పిల్లలు ఎగిరి తట్టేవాళ్ళు. పొగరన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. అక్క ఎప్పటిలాగే ఎడమపక్కన కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు దండం పెట్టేముందు వంగి ఆయన మోచెయ్యి తడుతున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కోస్తా రైతు తట్టాడు, పక్కకు తప్పుకున్నాడు. నేనూ తట్టాను.

చివరికి హవల్దార్ వచ్చాడు. పూనా కాలు చాచి కష్టంగా కింద కూర్చుని మోచెయ్యి తట్టాడు. చెయ్యి తియ్యలేదు. సుబేదార్ సాబ్ తిరుగుతారేమోనని మేమంతా ఆ ముఖం వైపే చూస్తూ నిలబడ్డాం.