సారు మాకోసం మళ్లీ మళ్లీ చెప్పిన తప్పు

కర్నూలు పక్కన కల్లూరు నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్లో పిల్లలకు సంగటి పెట్టిస్తున్నాను. "నాయన పొద్దున పోయినాడన్నా. నిద్రలోనే పోయినాడు," అంది సారు కూతురు. ఆమె గొంతు నిదానంగానే ఉంది. బద్వేలులో బస్సెక్కి కర్నూలు చేరేదాకా ఆ నిద్ర గురించే ఆలోచించాను. బతికి ఉండగా ఆయన నిద్ర చెడగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని.

సారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆ తర్వాత వార్డెన్లకూ, టీచర్లకూ, నర్సులకూ, పోలీసులకూ మా తట్టు ఎవరూ పైకి అనని విషయం నేర్పడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడితో లైంగికంగా తప్పుగా ప్రవర్తిస్తే పెద్దవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఆ విషయం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. కర్నూలులో నేను వెళ్లిన మొదటి శిక్షణలో సగంమంది తల దించుకున్నారు. ఒక కానిస్టేబుల్ మాత్రం నవ్వాడు.

"అట్లాటివి మన పక్క యాడుంటాయి సార్? పెద్ద టవున్లలో గదా."

సారు కోప్పడలేదు. "నా బడిలోనే జరిగిందప్పా," అన్నారు.

ఆయన హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు హాస్టల్లో ఒక చిన్నపిల్లవాడి జోలికి పోయాడు. సంగతి తెలియగానే సారు ఆ పెద్దపిల్లవాణ్ని ప్రార్థన దగ్గర అందరి ముందూ కొట్టి, ఆ రోజే టీసీ చేతిలో పెట్టి పంపేశారు. ఊరి పెద్దలు మెచ్చుకున్నారు. చిన్నవాడి పేరు కూడా అందరి నోళ్లలో పడింది. వాళ్ల నాయన వచ్చి వాడి చదువు మాన్పించి తీసుకుపోయాడు.

కొన్నేళ్లకు ఒంటిమిట్ట తిరునాళ్లలో ఒకామె సారును గుర్తుపట్టి దండం పెట్టింది. ఆ పెద్దపిల్లవాడి తల్లి. బడి లేకపోయేసరికి వాడు నాపరాళ్ల గనిలో పనికి కుదిరాడని చెప్పింది. హాస్టల్‌కు రాకముందు, బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు, ఒక పెద్దమనిషి వాడినే పాడు చేశాడట. అది ఆమెకూ తర్వాతే తెలిసింది.

"మీరు అడిగింటే చెప్పేటోడేమో సార్. నేనూ అడగలే," అందట.

సారు గని వెతుక్కుంటూ వెళ్లారు. వాడు పెద్దవాడయ్యాడు. సారును చూసి, చేతిలో సమ్మెట కింద పెట్టి "నమస్తే సార్" అన్నాడు. సారు అక్కడే నిలబడ్డారు. వాడు మళ్లీ సమ్మెట అందుకున్నాడు.

"వాడు నన్ను తిట్టింటే బాగుండు," అని ఆ సంగతి అక్కడ ఆపారు సారు. కానిస్టేబుల్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు కొన్ని మాకు నోటికొచ్చాయి. "ముందు చిన్నోడు. వానికి నీ తప్పు లేదని చెప్పాల. నమ్మేదాకా చెప్పాల." "పెద్దోడు చేసింది తప్పే. దాచిపెట్టేది లేదు. కానీ వాడూ పిల్లోడే. వాణ్ని ఊరు దాటిస్తే తప్పు ఊరు దాటుతాది గానీ తగ్గదు."

మా హాస్టల్లో అలాంటిదే జరిగినప్పుడు ముందు సారుకే ఫోను చేశాను. ఆయన మొదటి బస్సుకే వచ్చారు. చిన్నవాణ్ని ఎవరూ గుచ్చి గుచ్చి అడగకుండా చూశారు. వాడు కోరుకున్న చోట, నా గది పక్కనే, వాడికి పడక వేయించారు. పెద్దవాణ్ని వేరే ఉంచి, వాడితో ఒక్కరే శానాసేపు కూర్చున్నారు. రెండిళ్లవాళ్లనూ విడివిడిగా పిలిపించారు. పిల్లల సంక్షేమం చూసే అధికారికి నాచేతే చెప్పించారు.

హాస్టల్ కమిటీ పెద్దాయన ఒప్పుకోలేదు. పొలాలూ, పలుకుబడీ ఉన్న మనిషి. "టీసీ ఇచ్చి పంపకుండా ఏంది సార్ ఈ పంచాయితీ?" అన్నాడు.

"ఇయ్యొచ్చప్పా. వాడు ఇంకో హాస్టల్‌కు పోతాడు. ఆడ ఎవురికీ తెలీదు. ఆడ పండుకునే చిన్నపిల్లోళ్లకు నువ్వు జవాబు చెప్తావా?"

పెద్దాయన టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. పెద్దవాణ్ని ఇంటి దగ్గరే పెట్టి, కడపలో మానసిక వైద్యుడి దగ్గరికి చాలాకాలం తిప్పారు. పరీక్షలు ఇంటి నుంచే వచ్చి రాశాడు. చిన్నవాడు మా దగ్గరే పది పాసయ్యాడు. నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు గొంతు దిగలేదు. నేను చేసిన మంచి అంతా, గనిలో సమ్మెట పట్టిన ఆ పిల్లవాడి బతుకు చెడి నేర్పిన పాఠమే.

ఇంకొకటి కూడా ఉంది. తర్వాతి శిక్షణలు నేనే దగ్గరుండి ఏర్పాటు చేసేవాణ్ని. ఎక్కడ నవ్వులు మొదలైనా, "సార్, మీ బడి సంగతి చెప్పండి," అనేవాణ్ని. అది చెబితే గది సద్దుమణిగేది. శిక్షణకు ముందురోజు నాయన అన్నం ముట్టడని, రాత్రంతా నిద్రపోడని ఆయన కూతురు ఒకసారి నాతో అంది. విన్నాను. అయినా ఆ తర్వాత కూడా పిలిచాను, అడిగాను.

కడపలో జరిగిన ఆఖరి శిక్షణకు ముందు మాత్రం, "ఈసారి అది వద్దులే సార్," అన్నాను.

"చెప్పకపోతే వీళ్లు తప్పు చేసిన పిల్లోణ్ని పిల్లోడనుకోరప్పా," అన్నారు. ఆ రోజూ చెప్పారు.

మంచి ఎండాకాలం. అందరూ వెళ్లిపోయాక ఒక కొత్త టీచరమ్మ కుర్చీలోంచి లేవలేదు. ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పైన ఫ్యాను కిర్రుమంటుంటే ఆ చిన్న గొంతు ఆయనకు అందలేదు. సారు లేచి వెళ్లి ఫ్యాను ఆపేసి, వచ్చి ఆమె ఎదుట కూర్చున్నారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోతోంది. ఆమె ఆగి ఆగి చెబుతోంది. ఆయన ఒక చెవి ముందుకు పెట్టి వింటున్నారు. నేను గుమ్మం దగ్గర సంచులతో నిలబడ్డాను. బయట రోడ్డు మీద సారు ఎక్కాల్సిన కర్నూలు బస్సు రెండుసార్లు హారన్ కొట్టి కదిలిపోయింది. సారు తల తిప్పలేదు.