తప్పెటడుగుల తాత

శామ్యూల్ మా మేడ మీద పక్క వాటాలో అద్దెకుంటాడు. బెంగళూరులో బెళ్ళందూరు వైపు ఆఫీసులవాళ్లను తీసుకెళ్లి దించే క్యాబ్ నడుపుతాడు. ఊరంతా లేచే వేళకు పడుకుంటాడు, ఊరంతా పడుకునే వేళకు తాళంచెవి జేబులో వేసుకుని మెట్లు దిగుతాడు. అతని పిల్లలకు నాన్నంటే ఎక్కువగా దుప్పటి కింద ముద్ద. మనిషి నెమ్మది. ఎంత తిట్టినా తలూపుతాడు. అలాంటివాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, మన నోరే నొప్పి.

పుట్టింది పలమనేరు దగ్గర. తండ్రి తప్పెట కొట్టేవాడు. పెళ్లికైనా చావుకైనా ఆ తప్పెట ముందు నడిస్తేనే జనం కదిలేవారట. శామ్యూల్‌కు నడక, తప్పెటడుగులు ఒకేసారి వచ్చాయని వాళ్లమ్మ చెప్పేది. బెంగళూరు వచ్చి స్టీరింగు పట్టాక ఆ అడుగులతో పనిలేకపోయింది. ఒక్క డిసెంబరులో తప్ప.

డిసెంబరులో వాళ్ల చర్చివాళ్లు రాత్రిపూట పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. వెంట క్రిస్మస్ తాత ఉంటాడు. ఎర్ర అంగీ, పత్తి గడ్డం, ముఖానికి మాస్కు. ఆ తాత శామ్యూలే. మొదటి ఏడాది ఊరికే చెయ్యి ఊపుతూ నిలబడమని పాస్టరుగారు చెప్పారు. డ్రమ్ము మోగగానే తాత తప్పెటడుగులు వేశాడు. పాస్టరుగారు కోప్పడ్డారు. మరుసటి ఏడాది అందరూ "ఆ ఆడే తాతనే పంపండి" అని అడిగేసరికి కోపం మానుకున్నారు.

చిక్కంతా ఇంట్లోనే. తాత వచ్చినప్పుడు నాన్న కనబడడు కదా. "నాయనకు డ్యూటీ" అని అతని భార్య వనజ పిల్లలకు చెప్పేది. పెద్దది జెస్సీ గట్టి పిల్ల, ఏమీ అడగదు. చిన్నది చిన్ని ఇంకా యూకేజీ. అది మనసులో పెట్టుకుంది. పోయిన ఏడాది తాత ఇచ్చిన చాక్లెట్‌లో సగం దాచి, పొద్దున నాన్న చేతిలో పెట్టి, "తాత వస్తే నువ్వు పోతావు. తాతంటే నీకు కోపమా?" అని అడిగిందట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు శామ్యూల్ నవ్వలేదు.

ఈ ఏడు పండుగ ముందర తుఫాను వాన పట్టుకుంది. చెరువు పొంగి మా వీధిలోకి వచ్చింది. కింది వాటా దామోదర్ ఇంట్లో మంచం తేలింది. పెళ్లాం లేని మనిషి, రేడియో చంకన పెట్టుకుని మా ఇంటికి ఎక్కాడు. కరెంటు పోయింది. సగం మెట్లు నీళ్లలో మునిగాయి. పాలు పడవలో వస్తే బకెట్‌కు తాడు కట్టి పైకి లాక్కున్నాం. వనజ కట్టిన కాగితం నక్షత్రం వెలగక, ఆరేసిన అంగీలా వేలాడింది. పిల్లలు గోడలెక్కడం ఒక్కటే తక్కువ. వాళ్ల నోరు మూయించడానికి వనజ అచ్చు పిండిలో ముంచి నూనెలో గులాబీ పువ్వులు వేస్తూనే ఉంది, వాళ్లు తింటూనే ఉన్నారు.

ఆ వరదకు సంతోషపడింది చిన్ని ఒక్కతే. నాన్న మెడకు చుట్టుకుని, "కింద నీళ్లుండాయి కదా నాయనా, నువ్వు యాడికీ పోలేవు. ఈసారి తాతను చూస్తావు" అంది.

ఆ పూటే పాస్టరుగారు ఫోన్ చేశారు. ఈ ఏడు మీ వీధికి రాలేమని చెప్పారు.

శామ్యూల్ మా వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. వెనకే వనజ.

"ఏం చేసేదవ్వా? తాత రాకపోతే బిడ్డ ఏడుస్తాది. నేనే తాతనైతే నాయన లేడని ఏడుస్తాది. ఇన్ని నీళ్లలో డ్యూటీ అని యాడ చెప్పేది?"

"డ్రెస్సు యాడుండాది?" అన్నాను నేను.

"అటక మీద మూటలో ఉండాదవ్వా."

"మీరు వేసుకోకూడదా అవ్వా?" అంది వనజ.

"నాకు గడ్డం పెడతావా? దామోదర్ పనీపాటా లేకుండా సుమ్నే కూర్చొని రేడియో తిప్పుతాండాడు. వానికి పెట్టు."

దామోదర్ రేడియో ఆపేశాడు. "ఏంది నాగలక్ష్మక్కా! ప్రతి ఏడూ వాళ్ల డ్రమ్ముకు నాకు నిద్దర లేదు. నేను తాతనా?"

"పూటపూటా నా చేతి ముద్ద తింటాండావే, గడ్డం కట్టుకుంటే అరిగిపోతావా? లే."

దీపాలు పెట్టే వేళకు దామోదర్ మాస్కు పెట్టుకుని ఆ ఎర్ర అంగీలో దూరాడు. అంగీ అతనికి గోనెసంచిలా ఉంది. మా వాటాలోంచి బయటికొచ్చి వాళ్ల తలుపు తట్టాడు. వెనకే నేనూ వెళ్లాను.

"నాయనా, తాత! చూడు!" అని చిన్ని శామ్యూల్ చెయ్యి పట్టుకుని ఎగిరింది.

తాత కరెంటు స్తంభంలా నిలబడి, చేతులు జోడించి, నమస్కారం పెట్టాడు.

"తాతా, ఆడు!"

శామ్యూల్ గబగబా ఖాళీ నీళ్ల క్యాను ఒళ్లో పెట్టుకుని కొట్టాడు. మంచి దెబ్బ. తాత బురద దాటేవాడిలా ఒక కాలెత్తాడు. దించాడు. రెండోది ఎత్తాడు. చిన్ని ముఖం వాడిపోయింది.

"ఈ తాత మన తాత కాదు" అంది.

శామ్యూల్ చేతులు ఆగిపోయాయి. జెస్సీ వచ్చి క్యాను అతని ఒళ్లోంచి లాక్కుంది.

"నేను కొడతా నాయనా. నువ్వు తాతకు చూపించు."

ఆ పిల్లకు దెబ్బ ఎప్పుడు పట్టుబడిందో! శామ్యూల్ లేచాడు. పంచె ఎగగట్టాడు. రెండడుగులు ముందుకు, ఒకటి పక్కకు, నడుము వంచి తిరుగుడు. అతను మాస్కు లేకుండా ఆడగా పిల్లలు చూడటం అదే మొదలు. గది చిన్నది, అయినా మోచెయ్యి గోడకు తగల్లేదు.

"నాయనా!" అని అరిచింది చిన్ని. "నువ్వు అచ్చం తాత మాదిరే ఆడతాండావే!"

వనజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జెస్సీ దెబ్బ ఆపకుండా, "తాతకు నేర్పించిందే నాయన కదే. అందుకే పాటలోళ్లతో పోతాడు" అంది.

చిన్ని తాతను చూసింది, నాన్నను చూసింది.

"ఈసారి నువ్వు పోలేదు కదా నాయనా, అందుకే తాత మరిచిపోయినాడు. వచ్చే ఏడు పో. నేను ఏడ్వనులే."

"సరేమ్మా" అన్నాడు శామ్యూల్. తాత చెయ్యి పట్టుకుని మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. దామోదర్ మోకాళ్లు పటపటమన్నాయి. జెస్సీ క్యాను మీద దెబ్బ కాస్త నిదానం చేసింది.