మునుం పట్టిన కంప్యూటర్లు

పాత కంప్యూటర్ మూత విప్పగానే వచ్చే కాలిన దుమ్ము వాసన నాకు పడదు. ఎమ్మిగనూరులోని నా రిపేరు షాపులో నిన్న పొద్దున ఒక డబ్బా విప్పాను. ఆ వాసన ముక్కుకు తగలగానే శాంతమ్మ మేడం మీద పాత కోపం లేచింది. ఆదోనిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబుకు ఆమె ఇన్‌చార్జి. నేను ఆమె కింద టెక్నీషియన్ని. చేరిన మొదటి రోజే నా చేతికి పెయింటు బ్రష్షు ఇచ్చి, "ముందు పన్నెండు మిషన్లకూ దుమ్ము దులుపు నాగరాజూ. నీ సదువు సంగతి మళ్లీ సూద్దాం" అన్నారు. ల్యాబు నిండా పిల్లలు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మేడంది కోసిగి దగ్గర ఒక పల్లె. ఆమె తల్లి ఏటా సుగ్గికి, అంటే దూరపు జిల్లాల మిరపకోతలకు, వలస పోయిన మనిషి. సెలవుల్లో తల్లి వెంట చేలల్లో తిరుగుతూనే మేడం చదువుకున్నారు. ఆ తల్లి ఉంటున్న కాలనీ పక్కనే ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. పైనున్న క్వారీ వాళ్లు అందులో రాళ్లూ మట్టీ పోసి పూడ్చేశారు. వాన పడితే చాలు, నీళ్లు ఇళ్లలోకి వచ్చేవి. ఎన్ని అర్జీలు పెట్టినా ఫలితం లేదు. చివరికి ఒక అధికారి, "వంక ఎక్కడ పూడిందో కనబడే పటం తెండి. సోమవారానికి రాకపోతే ఫైలు మూసేస్తాను" అన్నాడు.

పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసే ఒక ఫోటోగ్రాఫరును బతిమాలి మేడం వంక పొడవునా ఆరువందల ఫోటోలు తీయించారు. వాటిని అతికించి ఒకే పటం చేయాలి. ఒక్క కంప్యూటరుకు అప్పజెబితే వారం పైనే పడుతుంది. అప్పటికి గురువారం సాయంత్రమైంది. ఆదివారం అయిదింటికల్లా ల్యాబుకు తాళం పడుతుంది. అందుకే పన్నెండు మిషన్లకూ పని పంచమని మేడం నాతో చెప్పారు. అప్పటిదాకా రాత్రింబవళ్లు మిషన్లు నడపడానికి ప్రిన్సిపాల్ అనుమతి కూడా ఆమే తెచ్చారు.

పంచడం అంటే నాకు ఒకటే తెలుసు, సమానంగా పంచడం. చిన్నప్పుడు ఇంట్లో మా అన్నకు రెండు, నాకు ఒకటి వడ్డించిన రోజులన్నీ నాకు గుర్తే. కాబట్టి మిషన్‌కు యాభై ఫోటోల చొప్పున కచ్చితంగా ఇచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కొత్త మిషన్లు ఆరూ పని ముగించాయి. పాతవి ఆరూ పదో ఫోటో కూడా దాటలేదు. మూలనున్నదైతే బిగుసుకుపోయి చేసింది కూడా పోగొట్టింది.

మేడం వచ్చి చూశారు. "ఏందప్పా ఇది? ఆరు ఊరికే కూసున్నాయి, ఆరు మోయలేక సస్తాండాయి!"

"అన్నిటికీ సమానంగానే ఇచ్చినాను మేడం. నా తప్పేం లేదు."

"ఎప్పుడన్నా మునుం పట్టినావా?"

"మాది మగ్గాల ఇల్లు. నేను సేనులో కాలు పెట్టలేదు."

"అదే తెలుస్తాంది" అని మళ్లీ పిల్లల ముందే నవ్వారు. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. మునుం అంటే కూలీలు వరసగా నిలబడి, తలా ఒక సాలు పట్టుకుని కలుపు తీస్తూ ముందుకు పోవడం. "ముందు గట్టు సేరినోళ్లు కూసోరప్పా. ఎనక్కి తిరిగి, ముసలామె సాలు ఆ కొస నుంచి పడతారు. నడుమ కలుస్తారు. ఆమె ఒక్కతే మిగిలిపోతే అందరికీ ఇల్లు ఆలస్యం."

"ఏదన్నా మిషన్ పలక్కపోతే?"

"నీళ్లు తాగను పోయిందేమో, కొంచేపు సూడు. అప్పటికీ రాకుంటే దాని సాలు ఇంకొకరికియ్యి."

"అది మళ్లా లేచి, అదే పని తెస్తే?"

"ఒకటి ఉంచుకో, ఒకటి పారెయ్. దానికీ నన్నే అడగల్లా?"

శనివారం మధ్యాహ్నం దాకా కూర్చుని ప్రోగ్రాం మార్చాను. ఫోటోలను అయిదేసి కట్టలు చేసి, చెయ్యి ఖాళీ అయిన మిషనే వచ్చి ఇంకో కట్ట అడిగేలా పెట్టాను. కట్టలన్నీ అయిపోతే, ఖాళీగా ఉన్నది వెనకబడిన మిషన్ చేతిలో మిగిలినవి తీసుకుంటుంది. పాతవి కూడా ఊరికే లేవు. తమకు చేతనైనంత చేశాయి. ఆదివారం మేడం చర్చి నుంచి నేరుగా ల్యాబుకు వచ్చారు. నాలుగున్నరకు పటం పూర్తయింది. వంక సన్నని గీతలా వచ్చి, రాళ్ల గుట్ట దగ్గర తెగిపోవడం తెర మీద స్పష్టంగా కనబడింది. మేడం ఆ గుట్ట పక్కనున్న ఒక రేకుల కప్పు మీద వేలు పెట్టి, "మాయమ్మ ఇల్లు" అన్నారు.

సోమవారం అధికారి పటం చూసి ఫైలు మూయలేదు. స్థలం చూడడానికి తానే వస్తానన్నాడు. "ఎవరు చేశారమ్మా ఇంత బాగా?" అని అడిగాడు. "మా కాలనీవాళ్లే సార్" అన్నారు మేడం. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

బస్టాండులో నిలదీశాను. "మూడు దినాలు కష్టపడినాను మేడం. నా పేరు ఒక్క మాట సెప్పలేకపోతిరా?"

"సెప్తే సంతోషపడి మరిసిపోతావు. కోపముంటే మరవవు. ఈ ఆఫీసుల్లో అందరూ మరిసిపోతారు. ఆ రాళ్లు తీసేదాక మరవని మనిషి ఒకడు కావాలప్పా నాకు." అని ఫైలు నా చంకలో పెట్టారు. "వచ్చే వాయిదాకి నువ్వే పో."

మేడం పోయి రెండేళ్లయింది. ఆమె తల్లి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. వంకలో సగం రాళ్లు తీశారు, ఆ సగం కూడా నేను తిరిగితేనే. అధికారులు మారారు. వచ్చిన ప్రతివాడూ "మీకేం సంబంధం?" అంటాడు. ఆ మాట అనిపించుకుని కూడా కుర్చీలోంచి లేవకుండా ఉండడం నాకు అలవాటైంది. మేడం నా పేరు చెప్పని సంగతి నేను మరవలేదు, మరవను. ఇంకా సగం రాళ్లు అలాగే ఉన్నాయి. సోమవారం వాయిదా ఉంది. నేను పోతున్నాను.