ఆ ట్యాంకు నేను కడగలేదు

మా పెరట్లో కాసిన బీరకాయలో దోసకాయలో పట్టుకెళ్లే వాళ్లంతా నన్నొక మాట అంటారు. నీది చల్లని చెయ్యమ్మా అని. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. ఏళ్ల తరబడి ఈ మంటని లోపలే అణచుకుని, పైకి నవ్వి, సంచిలో ఇంకో రెండు కాయలు వేసి పంపిస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఏదీ దాచకుండా చెప్పగలుగుతున్నాను. ఆ మెప్పు నాది కాదు. ఇంకొకరిది. నేను లాక్కున్నాను.

మాది తిరువూరు పక్కన, ఎ.కొండూరు వెళ్లే దారిలో ఒక పల్లె. ఇంటి వెనక పెరడు, దాని వెనక మామిడి తోట. నేను కోడలిగా వచ్చేసరికే పెరడు మా అక్క చేతిలో ఉంది. అక్క అంటే నా తోటికోడలు, మా ఆయన అన్నగారి భార్య. బావగారు అంతకుముందే గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. ఆవిడ పుట్టింటికి వెళ్లకుండా ఆ పెరటినే పట్టుకుని ఉండిపోయింది. అంట్లు తోమిన నీళ్లు కూడా పారబోయనిచ్చేది కాదు, వంగ మొక్కల పాదుల్లోకి మళ్లించేది. ఊళ్లో పెరళ్లన్నీ ఎండకి మాడిపోయిన రోజుల్లో మా పందిరి మీద బీర తీగ పచ్చగా ఉండేది. పొద్దున్నే కాయలు కోసేటప్పుడు విత్తనానికి ఉంచాల్సిన వాటికి చీర పీలిక కట్టి వదిలేది, ఎవరూ పొరపాటున తెంపకుండా.

నాకది నచ్చేది కాదు. ఎందుకో తిన్నగా చెప్పలేను. ఇంటెడు చాకిరీ నేను చేస్తుంటే మెప్పు మాత్రం పెరటికి పోతోందనా? వచ్చిన వాళ్లందరూ నన్ను దాటుకుని అక్క ఏదీ అని అడుగుతారనా? ఏమైనా, అదొక కారణమా?

ఒక ఏడాది, మామిడి కోతలు ముగిసే రోజులు. మా ఆయన చెట్ల కింద కలుపు చావడానికి గడ్డి మందు కొట్టి, వీపుకి తగిలించుకునే ట్యాంకుని తెచ్చి గోడకి ఆనించాడు. మర్నాడు దోస పాదులకి పేనుబంక పట్టిందని అక్క వేపనూనె సిద్ధం చేసుకుంది. ట్యాంకుని సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి నీళ్లు నింపి ఇమ్మని నాకు చెప్పింది. నేను పొయ్యి మీద పులుసు పెట్టి ఉన్నాను. నాకు పనులు పురమాయించడానికి ఈవిడెవరు అనుకున్నాను. మూత తీశాను. అడుగున కాస్త మందు మిగిలి ఉంది. దాని మీదే నీళ్లు పోసేశాను. కడిగావా అని ఆవిడ అడిగితే కడిగానన్నాను.

ఆ కాస్త మందుతో ఏమవుతుందిలే అనుకున్నానా? లేక అయితే అవనీ అనుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను నిలదీసుకున్నాను. రెండోది కాదని ఒట్టేసి చెప్పలేను.

అక్క ట్యాంకు తగిలించుకుని ప్రతి తీగకీ తన చేత్తోనే కొట్టింది. మర్నాటికే ఆకులు తెల్లబారి మాడిపోయాయి. వారం తిరక్కుండా పందిళ్ల మీద కోతకొచ్చిన కాయలతో సహా తీగలన్నీ ఎండు తాళ్లలా వేలాడాయి. కూరగాయల కోసం వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ల ముందే మా అత్తగారు అన్నారు, "మొగుణ్ణి మింగిన చెయ్యి. చెట్టుని మాత్రం బతకనిస్తుందా?"

ఒక్కరూ తప్పని అనలేదు. కొందరు తలలు కూడా ఊపారు. అన్నేళ్లు ఆ చేతి కాయలే తిన్న వాళ్లు! నేను అక్కడే ఉన్నాను. నా నోటికేమైంది?

ఆ మధ్యాహ్నం అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ట్యాంకు బాగా కడిగావు కదా?"

"రెండుసార్లు కడిగానక్కా."

"అయితే నా చెయ్యే అంటావా?"

"ఏమో అక్కా. నాకేం తెలుసు?"

ఆవిడ తన చేతులకేసి చూసుకుని వెళ్లిపోయింది. ట్యాంకు కడగకపోవడం నిర్లక్ష్యమే అనుకుందాం. ఈ మాట? ఇది నేను నిదానంగా, ఆలోచించుకుని, నా పరువు కాపాడుకోవడానికి అన్న మాట.

మా ఆయనకి తెలుసు. ఆ సాయంత్రమే ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. బోరు దగ్గర కడిగి కొట్టంలో పెట్టాడు. నావైపు ఒకసారి చూశాడు, ఏమీ అడగలేదు. తల్లికి ఎదురు చెప్పడం కన్నా వదినని బలిపెట్టడం ఆయనకి తేలికైంది. ఇద్దరం ఒకే కంచంలో తిన్నట్టు ఆ అబద్ధాన్ని పంచుకున్నాం.

తర్వాత ఆవిణ్ణి విత్తనం ముట్టుకోనివ్వలేదు. పచ్చడి జాడీ ముట్టుకోనివ్వలేదు. వానలు పడ్డాక అత్తగారు నా చేత విత్తనాలు వేయించారు. అక్క దాచిన విత్తనాలే! అవి మొలిచి కాస్తే నా చెయ్యి చల్లని చెయ్యి అయిపోయింది. ఆ చలికాలంలో అక్క విస్సన్నపేటలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

ఈ వేసవి చివర్లో కూరగాయల సంచి పట్టుకుని షేర్ ఆటోలో విస్సన్నపేట వెళ్లాను, ఊరికే చూసొద్దామని. ఆవిడ మేనకోడలు ఒక మల్లె అంటు తెచ్చి, పాదు తీసేదాకా పట్టుకోమని అందించబోయింది. అక్క రెండు చేతులూ కొంగులో దాచేసుకుని, తను ముట్టుకోకూడదని చెప్పింది. మామూలుగా, రోజూ చెప్పే మాటలా చెప్పింది. అంటే నమ్మేసింది. మేం అన్నది నిజమని నమ్మి ఇన్నేళ్లూ బతికింది.

అక్కడే, ఆ వసారాలో, అంతా చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టలేదు. సంచి నావైపు జరిపింది.

"నన్ను అన్నది నలుగురిలో. నువ్వు నా ఒక్కదానికే చెప్తే ఎట్టా?"

ఆఖరి కోత కాయలతో మాగాయ పెట్టుకునే రోజు, ముక్కలు కోయడానికి వచ్చిన ఆడవాళ్ల మధ్య కూర్చుని చెప్పాను. కడగలేదన్నాను. కడిగానని అబద్ధమాడానన్నాను. అత్తగారు ఆ మాట తనెప్పుడూ అననే లేదన్నారు. మా ఆయన ఇప్పుడెందుకీ గోల అన్నాడు. ఎప్పుడు మరి? ఆవిడ పోయాకా? అప్పుడు తలలూపిన వాళ్లు ఇప్పుడు కత్తిపీటల మీద తలలు వంచుకుని, ఏమీ విననట్టు ముక్కలు కోస్తూ కూర్చున్నారు. ఒక మనిషిని తరిమేయడానికి ఒక్క మాట చాలింది వీళ్లకి. తప్పు జరిగిందనడానికి మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది. ఆ కోపానికి నాకు హక్కు లేదని తెలిసినా వచ్చింది.

అక్కకి ఫోన్ చేసి, అందరి ముందూ చెప్పానని చెప్పాను. విన్నానని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆవిడ తిరిగి ఫోన్ చెయ్యలేదు. చెయ్యదేమో. ఇంట్లో నాతో సరిగ్గా మాట్లాడేవాళ్లు లేరు. అయినా ఈ నాలుగు రోజులుగా నాకు అన్నం గొంతు దిగుతోంది.