చిన్నత్త అంతా విన్నది

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, పోయిన వారం కన్నుమూసింది. ఆ మాట రాయబోతే చెయ్యి ఆగుతోంది. ఆమె కళ్లు మెలకువలో పూర్తిగా తెరుచుకునేవి కావు, నిద్రలో పూర్తిగా మూతపడేవీ కావు.

ఇంటర్ చదివేటప్పుడే రెప్పలు వాలిపోయాయి, కనుగుడ్లు కదలడం మానేశాయి. పిలిస్తే గడ్డం పైకెత్తి, తల మొత్తం తిప్పి చూసేది. ములకలపల్లి అవతల, అడవి అంచున మా ఊళ్లో పిల్లలు ఆ చూపుకు జడుసుకునేవాళ్లు. "కన్ను తిరగకుంటే మెడ తిరుగుతది. నాకేం తక్కువ?" అనేది.

తర్వాత నడక తూలింది. మాట మందగించి, చివరికి ఆగిపోయింది. గాలి సోకిందని వేపమండలతో మంత్రించారు. ఆమె మంచం మీద ఉండగానే, లేనట్టు మాట్లాడుకున్నారు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ అది మైటోకాండ్రియా జబ్బని చెప్పింది. ఒంట్లో కణాలకు శక్తి తయారుచేసేవే దెబ్బతిన్నాయట. వెన్ను నీరు తీసి పరీక్ష చేయించింది. "రక్తంలో ఫోలేట్ విటమిన్ బాగానే ఉంది. మెదడులోకి చేరడం లేదు. చేరవేసే చోట శక్తి లేదు," అంది. మామూలు ఫోలిక్ మాత్రలు కాదు, మెదడుకు చేరగలిగే ఫోలినిక్ ఆసిడ్ రాసింది. జబ్బు పోదని, మెదడుకు కొంత ఊరట దొరకొచ్చని ముందే చెప్పింది.

నెలలు గడిచాయి. ఇప్పపూలు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం, నానమ్మ గంజి తాగిస్తుంటే చిన్నత్త పెదవులు కదిలాయి.

"ఉప్పు తక్కువైందే అమ్మా."

నానమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

అప్పట్నుంచి మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. దాంతోపాటే, ఆమె పలకలేని రోజుల్లో మంచం పక్కన ఎవరేమన్నారో అదీ వచ్చింది, ఎవరి గొంతు వాళ్లదిగా. పక్కింటి పెద్దమ్మ చూడ్డానికొస్తే, "ఇది పోతే తల్లికి సుఖం," అంది చిన్నత్త, అచ్చం పెద్దమ్మ గొంతుతో. పెద్దమ్మ లేచి వెళ్లిపోబోయింది. చిన్నత్త ఆమె చేతులు పట్టుకుంది.

"కోపం లేదు పెద్దమ్మా. అన్నీ ఇనపడ్డయ్, అంతే. మనిషి పలకకున్నా మనిషే."

నేనిప్పుడు నర్సుని. స్పృహలేని వాళ్లనూ పేరు పెట్టి పిలిచి, చెప్పిన తర్వాతే సూది వేస్తాను. అది ఆమె పెట్టిన భిక్ష.

కొన్నేళ్లు గోడ పట్టుకుని నడిచింది, నవ్వింది. ఆ జబ్బే గుండెనూ పట్టింది. గుండెను కొట్టించే చిన్న మిషన్, పేస్‌మేకర్, లోపల పెట్టించాం. పోయిన వారం జ్వరం ముదిరి, కొత్తగూడెం దవాఖానాలో ఊపిరి ఆగిపోయింది. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. మానిటర్ మీద మాత్రం సన్నని గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

"ఇంక ఉన్నది గదే?" అంది నానమ్మ.

"అది లోపలి మిషన్ నానమ్మా. అత్త కాదు."

నానమ్మ వినలేదు. స్టూలు లాక్కుని మానిటర్ ఎదురుగా కూర్చుంది. గీతలు లేస్తూనే ఉన్నాయి.